బ్రేకు మాస్టారి వీలీ

మా ఆయన్ని ఊళ్ళో అందరూ బ్రేకు మాస్టారంటారు. కారు నేర్పే స్కూలు మాది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే ఈయన పక్క సీట్లో కూర్చుంటాడు. ఈయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పెళ్ళయిన నాటినుంచి నేనెప్పుడూ ఆ కుడికాలు ఊరికే ఉండగా చూడలేదు. సినిమాహాల్లో కూర్చున్నా, ఎవరి మోటారుసైకిలు వెనక కూర్చున్నా, చివరికి నిద్రలో కూడా అది ఏదో ఒకటి తొక్కుతూనే ఉంటుంది. మా మంచానికి కాళ్ళవైపు చెక్క ఊడింది చెదలు పట్టి కాదు.

స్కూల్లో ఫోనెత్తి, ఎవరు ఏ పూట రావాలో చెప్పే పని నాది. తీరిక దొరికినప్పుడల్లా ఆయన్ని చూసి నవ్వుకోవడం కూడా నా పనే.

మా తమ్ముడిది ఇంకో తిక్క. ఊరి చివర మూతపడ్డ ఇటుకల బట్టీ స్థలం తీసుకుని క్వాడ్ బైకులు అద్దెకిస్తాడు. క్వాడ్ బైకంటే నాలుగు లావుపాటి చక్రాలు, ఒక సీటు, ఒక హ్యాండిలు, చెవులు చిల్లులు పడే చప్పుడు. నాలుగు చక్రాలు పెట్టినవాడు నాలుగూ నేల మీద ఉండాలనే కదా పెట్టాడు. అక్కడికి చేరేవాళ్ళకి ఆ మాత్రం ఇంగితం ఉండదు. ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి, వెనక రెండింటి మీద మైదానం ఈ చివరనుంచి ఆ చివరకి పోతారు. దాన్ని వీలీ అంటారు. పోయొచ్చినవాడు హెల్మెట్ తీసి రాజ్యం గెలిచినట్టు చుట్టూ చూస్తాడు. చూడటానికి అక్కడ ఎవరుంటారు, తమ వంతు కోసం కాచుకున్న ఇంకో ఇద్దరు తప్ప.

ఆ గుంపులో అందరికంటే బాగా లేపేది మా అమ్మాయి. ఏం చెయ్యను, మేనమామ పోలిక. ఊరూరా తిరిగి ఇలాంటి ప్రదర్శనలిచ్చే జట్టొకటి దాన్ని వచ్చి చేరమంది. పందొమ్మిదేళ్ళు నిండినదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ వాళ్ళ నాన్న ఊ అంటే తప్ప అది గడప దాటదు. ఆయన ఊ అనడు. నా దగ్గరికొచ్చి మొత్తుకుంటే, నాకేం అభ్యంతరం లేదమ్మా, మీ నాన్నదే పిరికి గుండె అనేదాన్ని. ఆ మాట అన్నప్పుడల్లా నాకు చాలా హాయిగా ఉండేది.

ఒకరోజు తమ్ముడు భోజనానికొచ్చి, తింటూ తింటూ పేచీ పెట్టాడు.

"బావా, చక్రం లేపడం ఎలా ఉంటుందో తెలియనివాడికి వద్దనే హక్కు ఎక్కడిది? నువ్వొక్కసారి లేపు. మైదానంలో రెండు డ్రమ్ములు పెడతాను, మొదటిదాని దగ్గర లేపి రెండోది దాటాక దింపు. ఆ తర్వాత నువ్వు వద్దంటే వద్దే, నేను మాట్లాడను. లేపలేకపోతే మాత్రం నోరు మూసుకుని పిల్లని పంపించాలి."

ఆయన కంచంలోంచి తలెత్తకుండా సరేనన్నాడు. నాకు పొలమారింది. జట్టుకి జవాబు చెప్పడానికి ఇంకా కొన్ని వారాల గడువుంది, ఆ చివరి రోజునే పందెం అనుకున్నారు.

నేర్పించేదెవరయ్యా అంటే మా అమ్మాయే ముందుకొచ్చింది. ఆయన గెలిస్తే పోయేది దాని జీవితమే. నీకు బుర్ర గానీ చెడిందా అని అడిగాను. ఎక్కితేనే కదమ్మా తెలిసేది అంది. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. అందులో మా ఆయన పోలిక.

వారంవారం నాకు ఖర్చులేని వినోదం. ఆయన్ని ముస్తాబు చేయడానికే చాలాసేపు పట్టేది. మోకాళ్ళకి తొడుగులు, ఛాతీకి గట్టి ప్లాస్టిక్ కవచం, తల మీద హెల్మెట్. ఆ పొట్ట మీద కవచం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయిందో చూసి బట్టీ గోడమీద కూర్చున్న కుర్రాళ్ళు కిందికి దిగి మరీ నవ్వారు. మణికట్టుకీ బండికీ కలిపి ఒక తాడు కట్టేది అమ్మాయి. మనిషి జారి పడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుందట. పడటానికి ఇన్ని ఏర్పాట్లు చేసుకునే బదులు ఎక్కకుండా ఉంటే పోతుంది కదా అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

అది చెప్పే పాఠం విని విని నాకే నోటికొచ్చేసింది. రెండో గేర్లో నెమ్మదిగా పోనివ్వాలి. సీటు మీద వెనక్కి జరగాలి. ఎడమచేత్తో క్లచ్ నొక్కి, కుడి బొటనవేలితో యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ వదిలేస్తూ ఒళ్ళు వెనక్కి వాల్చాలి. ముందు చక్రాలు లేస్తాయి. మరీ లేచి బండి వెనక్కి తిరగబడేట్టుంటే కుడికాలి బ్రేకు కాస్త తాకించాలి, కిందికొస్తుంది. ఆ కాస్త తాకించడం దగ్గరే వచ్చింది చిక్కు. చక్రాలు నేలనుంచి జానెడు లేచాయో లేదో మా ఆయన కాలు బ్రేకుని పాతాళానికి తొక్కేసేది. బండి ముక్కు దబ్బున నేలకి కొట్టుకునేది, ఈయన పొట్ట హ్యాండిలుకి కొట్టుకునేది. ప్రతివారం అదే తంతు. లేచేది, దబ్బు. లేచేది, దబ్బు. తమ్ముడు కడుపు పట్టుకుని, బావ బండి నడపడం లేదక్కా, బండిచేత నేలకి దణ్ణం పెట్టిస్తున్నాడు అన్నాడు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

బ్రేకు మీంచి కాలు తీసేసి నేర్చుకోండి అని కుర్రాళ్ళు ఉచిత సలహా పారేశారు. మా అమ్మాయి వాళ్ళని కసిరింది. కాలు అక్కడ లేకపోతే ప్రాణం మీదికొస్తుందట. చాలాసేపు గోడకానుకుని ఆలోచించి, వాళ్ళ నాన్న దగ్గరికెళ్ళి ఓ విచిత్రమైన మాట చెప్పింది.

"నాన్నా, బాగా నడిపేవాళ్ళు కార్లో ఉన్నప్పుడు నువ్వు బ్రేకు తొక్కవు కదా. నోటితో చెబుతూ ఉంటావు. ఇప్పుడు కూడా అలాగే చెప్పు. నడిపేది నువ్వు కాదనుకో."

ఆరోజునుంచి ఆ మైదానంలో జరిగిన భాగవతం చెబితే నమ్మరు. ఈయన ఒంటరిగా క్వాడ్ మీద పోతూ, తనకి తనే, పైగా మర్యాదగా, పాఠం చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆ, వెనక్కి జరగండి. భయపడకండి, నేనున్నాను. క్లచ్ నెమ్మదిగా, ఆ, బాగుంది, ఉంచండి. ఇంజను చప్పుడుకి వినపడదని గొంతు చించుకుని మరీ అరిచేవాడు. నేనైతే నవ్వలేక గోడ దిగి కింద చతికిలబడ్డాను. కానీ ఆ కాలు ఆగింది. చక్రాలు జానెడు కాదు, మోకాలెత్తు లేచాయి. తర్వాత నడుమెత్తు. లేచి కాసేపు అక్కడే నిలబడ్డాయి కూడా.

పందెం రోజున తమ్ముడు మొదటి డ్రమ్ము దగ్గర, అమ్మాయి రెండో డ్రమ్ము దగ్గర నిలబడ్డారు. నేను అమ్మాయి పక్కనే ఉన్నాను. ఆయన వచ్చాడు. నేనున్నాను, ఉంచండి, ఉంచండి అని కేకలు పెట్టుకుంటూ, రెండు చక్రాలూ ఆకాశానికెత్తి, మా ముందునుంచి దాటిపోయాడు. డ్రమ్ము దాటిన చాలా దూరానికి గానీ దింపలేదు. అంత లావు మనిషి అంత తేలిగ్గా పోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ బాగుంది.

అమ్మాయి మొహం తెల్లబోయింది. ఓడిపోయింది కదా. తమ్ముడు కూడా తల దించుకుని నడిచొచ్చాడు. ఆయన బండి దిగి హెల్మెట్ తీశాడు. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. ఆ ముందు చక్రాలనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అమ్మాయి తల మీద చెయ్యి వేశాడు.

"వద్దందామనే నేర్చుకున్నానే. ఇప్పుడు నోరు రావడం లేదు. నావల్ల కాదు, మీ అమ్మనడుగు."

ముగ్గురూ నావైపు తిరిగారు. నేను నవ్వబోయాను. అమ్మాయి మెడ కనిపించింది నాకు. సన్నటి మెడ. వెనక్కి తిరగబడే బండి కనిపించింది.

"వద్దు" అన్నాను.

నీకేం అభ్యంతరం లేదన్నావు కదమ్మా అని అడిగింది మా అమ్మాయి. కోపంగా అడిగినా బాగుండేది. తెలియక అడిగినట్టు అడిగింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఇన్నాళ్ళూ మా ఇంట్లో భయపడే పని ఆయన ఒక్కడే చేశాడు, కనుక నవ్వే పని నాకు దొరికింది. ఆయన చేతులు దులుపుకోగానే ఆ భయమంతా వచ్చి నా నెత్తిన పడింది. అభ్యంతరం లేదన్న మాట ఇప్పుడు దిగమింగితే నాకంటే పిరికిది ఇంకొకతి ఉండదు.

వెళ్ళమన్నాను. అది నన్ను ఒక్కసారి గట్టిగా పట్టుకుని, జట్టువాళ్ళకి ఫోను చేయడానికి పరుగెత్తింది. తమ్ముడు దాని వెనకే పోయాడు. నేను డ్రమ్ముకి ఆనుకుని నిలబడ్డాను.

"ఇంత భయం కడుపులో పెట్టుకుని ఇన్నాళ్ళూ ముద్ద ఎలా దిగిందండీ మీకు?"

ఆయన చేతి తొడుగులు విప్పుకుంటూ, "నువ్వు నవ్వుతుండేదానివిగా" అన్నాడు. "ఇంట్లో ఒక్కరికైనా భయం లేదు కదా అని ధైర్యంగా ఉండేది."

ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా అన్నాను. ఫోను అయిపోయినట్టుంది, అమ్మాయి వచ్చి ఆ బండే ఎక్కి స్టార్ట్ చేసింది. దూరంగా పోయి, తిరిగి మా వైపు వస్తూ ముందు చక్రాలు లేపింది. నా కుడికాలు దానంతటదే నేలని గట్టిగా తొక్కింది. పక్కనున్న ఆయన దాన్ని చూడటం లేదు, నా మొహం చూస్తున్నాడు. నవ్వాను.