రేవుదాకా వచ్చిన జములమ్మ

పొద్దున తొమ్మిదింటికి సోమశిల రేవులో లాంచి ఆగుతుంది. కృష్ణ అవతలి గట్టు నుంచి వచ్చిన యాత్రికులను గైడు షాహెదా లెక్కపెట్టి వ్యాన్ ఎక్కిస్తుంది. కొల్లాపూర్ కోట, వనపర్తి రాజమహల్ చూపించి నాలుగింటికి మళ్లీ రేవుకు చేరుస్తుంది. పోయేటప్పుడు ఇరవై ఇద్దరు ఉంటే, వచ్చేటప్పుడు ఇరవై ముగ్గురు ఉంటారు. మహలు దగ్గర, ఎప్పుడో చనిపోయిన పాతకాలపు మనిషి ఎవరో ఒకరు ఎక్కుతారు. ఏటిని కాసేపు చూసి వెళ్లిపోతారు. డ్రైవర్ వెంకటయ్య అందుకే వెనక సీటొకటి ఖాళీగా ఉంచుతాడు.

ఆ రోజు షాహెదా మనసు మనసులో లేదు. ఏటి అవతల ఆత్మకూరు దవాఖానలో చెల్లెలు షాజియాకు తెల్లారితే కడుపు ఆపరేషన్. అమ్మ చనిపోయిన ఏడాది మాటా మాటా పెరిగి, నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. సెలవడిగితే టూర్ల మేనేజరు ఒప్పుకోలేదు.

"రేపు ముప్పై మంది వస్తుండ్రు. చెప్పేటోళ్లు ఇంకెవరున్నరు? పోతే మళ్ల రాకు" అన్నాడు.

తిరుగు దారిలో వెనక సీటు ముసలామె ఆమెను దగ్గరికి పిలిచింది. పేరు జములమ్మ. మహలు వంటశాలలో రొట్టెలు చేస్తూ అక్కడే కన్నుమూసిన మనిషి.

"ఆరేండ్ల సంది నీ మాటలు ఇంటున్న బిడ్డా. ఇయ్యాల సోయి లేకుండ చెప్పినవు. ఏమైంది?"

షాహెదా అంతా చెప్పింది.

"మరి పోరాదు?"

"పోతే నౌకరి పోతది అవ్వా. పోయినా, అది నా మొఖం జూస్తదో లేదో."

"నౌకరి నేను జూస్కుంట. ముప్పై ఏండ్లు ఆ మహల్లనే ఉన్న, చెప్పుడు నాకు రాదా? నువ్వు రాణిగారి గదని చూపిచ్చేది మా పిండి కొట్టు."

రేవులో జములమ్మ షాహెదా గుర్తింపు కార్డు అడిగి తీసుకుని తన మెడలో వేసుకుంది. వెంకటయ్య చూసి, "రేపు ఎనిమిదిన్నరకే రావాలె అవ్వా" అన్నాడు, అంతే.

షాహెదా లాంచి ఎక్కింది. చెల్లెలితో మొదట ఏమనాలో ఏరు దాటేదాకా కూర్చుకుంటూనే ఉంది. ఒక్క మాటా కుదరలేదు.

వార్డులో అడుగు పెట్టేసరికి షాజియా మంచం మీద కూర్చుని ఉంది. ఒంటి మీద నగలు ఉండొద్దని నర్సు చెప్పినట్టుంది, ఒక చెవి కమ్మ తీసి ఒళ్లో పెట్టుకుంది. తలెత్తి అక్కను చూసింది. రెండో చెవి ఇటు తిప్పింది.

"కమ్మ మర పట్టేసింది ఆపా. జర తియ్యి."

షాహెదా వంగి మర పట్టుకుంది. అది సులువుగానే తిరిగింది. ఆ మాట ఆమె చెల్లెలికి చెప్పలేదు, మెల్లగా తిప్పుతూ ఉండిపోయింది.