కెజియా చెవులకు కాపలా

నేను చెవిమూతల జతను. తల మీదుగా వంగే పట్టీ, దాని రెండు చివరలా మెత్తటి గిన్నెలు. మిషన్ల హోరు నుంచి మనుషుల చెవుల్ని కాపాడమని నన్ను ఫ్యాక్టరీలో తయారుచేశారు. చీమకుర్తిలో గ్రానైట్ కోసే ఏలియా చేతికి వచ్చాను. ఆయన నన్ను పెట్టుకోలేదు. పెట్టుకుంటే మేస్త్రీ కేక వినపడదట. చెవులు పోయినా ఫరవాలేదు, తిట్లు మాత్రం వినపడాలి. మనుషుల తీరు నాకు అక్కడే కొంత తెలిసింది.

ఏలియా నన్ను తీసుకెళ్ళి కూతురు కెజియాకు ఇచ్చాడు. డిగ్రీ చదివే పిల్ల. కుక్కర్ కూస్తే మూలకు చేరి వణికేది. నన్ను పెట్టుకోగానే బిగుసుకుపోయిన ఆమె దవడ వదులైంది. తల్లి మార్తమ్మ మాత్రం, "అయి పెట్టుకోని బజార్లోకి రామాకే, నవ్వుతారు" అంది.

ఒంగోలు కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉండే సుధామయి అనే అమ్మాయి నన్ను చూసి నవ్వలేదు. కెజియాకు అంతే చాలు. ఆ ఒక్క మనిషి మీద తన ప్రాణమంతా పెట్టుకుంది. సుధామయి పలకరిస్తే పండగ. ఫోన్ ఎత్తకపోతే ఇక తనకెవరూ లేరని ఏడుపు. ఒకరోజు సుధామయి చెప్పకుండా వేరే స్నేహితులతో సినిమాకు వెళ్ళింది. తిరిగొచ్చేదాకా కెజియా ఫోన్ చేస్తూనే ఉంది.

"నన్ను ఊపిరి తీసుకోనియ్యవా?" అంది సుధామయి గదిలోకి వస్తూనే.

కెజియా నన్ను తల మీంచి లాగి విసిరింది. నా అంచు తగిలి సుధామయి కనుబొమ్మ చిట్లింది. చెవుల్ని కాపాడడానికి పుట్టిన నాకు రక్తం అంటింది. కెజియా తన తలను గోడకేసి కొట్టుకుంటుంటే వార్డెన్ వచ్చి పట్టుకుంది.

గుంటూరులో డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విని చెప్పింది. శబ్దాలూ మనుషుల తీరూ పుట్టుకతోనే వేరుగా అందడం ఆటిజం. వదిలేస్తారన్న భయంతో మనసు ఇలా భగ్గుమనడం బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్.

"అంటే నాది పొగరు కాదా?" అని అడిగింది కెజియా.

"కాదమ్మా."

కెజియా చాలాసేపు ఏడ్చింది. మార్తమ్మ కూడా ఏడ్చింది, "ఒకటి చాలదని రెండా?" అని.

అంతవరకూ ఇంట్లో అన్నిటికీ పొగరన్నారు. ఆ తర్వాత అన్నిటికీ జబ్బన్నారు. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినా, "మాత్ర ఏసుకున్నావా?" అనేవారు.

కెజియా మానకుండా కౌన్సెలింగ్‌కు వెళ్ళింది. భయం రేగినప్పుడు ఫోన్ పక్కన పెట్టి, ముఖాన చన్నీళ్ళు చల్లుకుని ఆగడం నేర్చుకుంది. ఆగలేని రోజులూ ఉన్నాయి. ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. అక్కడా నేను తల మీదే ఉన్నాను.

కొన్నేళ్ళకు సుధామయి తన పెళ్ళికార్డు ఇంటికి తెచ్చింది. కనుబొమ్మ మీద మచ్చ అలాగే ఉంది. కెజియా దాన్ని చూస్తూ, "కొట్టినందుకు క్షమించు" అంది.

"ఇంకా అదేనా? అదంతా నీ జబ్బు. నువ్వు కాదులే."

"కొట్టింది నేనే. నువ్వంటే ప్రాణం పెట్టిందీ నేనే. అది కూడా జబ్బేనా?"

సుధామయి కార్డు మార్తమ్మ చేతికిచ్చి, "మీరు రండి ఆంటీ. అక్కడ డీజే ఉంటది, కెజియా తట్టుకోలేదు" అని వెళ్ళిపోయింది. నన్ను పెట్టుకుని రమ్మని ఒక్క మాట అంటే సరిపోయేది. పెళ్ళి ఫొటోల్లో నేను పడతానని భయం కాబోలు. కెజియా పెరట్లోకి వెళ్ళి ముఖం మీద నీళ్ళు చల్లుకుంది. మళ్ళీ చల్లుకుంది. ఆ రోజు సుధామయికి ఫోన్ చేయలేదు.

నా పట్టీ విరిగింది. కెజియా కొత్త జత కొనుక్కుంది. మార్తమ్మ నన్ను పాత సామాన్ల బండిలో వేస్తుంటే బండివాడు అడిగాడు, "ఎవరియమ్మా ఇయి?"

"ఏమో, ఎవరియ్యో" అంది మార్తమ్మ.

లోపలినుంచి కెజియా గడప దాటి వచ్చింది.

"నావి" అంది.