కారణం రాసుకోండి

మా ఊళ్లో పౌరసత్వం అడిగిన మనిషిని బయట నిలబెట్టి, లోపల మేం చేతులెత్తి తేలుస్తాం. స్విట్జర్లాండులో చాలా ఊళ్లలో ఇదే ఆచారం. దీన్నే ప్రజాస్వామ్యం అని రొమ్ము విరుచుకుంటాం.

ఆ సాయంత్రం బడి వ్యాయామశాలలో గ్రామసభ. బయట చలిలో మిర్సాదా. బోస్నియా నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. వృద్ధాశ్రమంలో మా అమ్మలకు ఒళ్లు కడుగుతుంది, పళ్లసెట్లు తోముతుంది, వాళ్ల తిట్లు తింటుంది. ముస్లిం, తలకు గుడ్డ కట్టుకుంటుంది. అదీ ఆమె నేరం.

పరీక్షలన్నీ పాసైంది. అయినా పాలరైతు రూడి లేచాడు.

"మనిషి మంచిదే, కాదనను. కానీ ఇంకా మనలో కలవలేదు."

"మీ అమ్మకు స్నానం చేయించేదెవరురా?" అని అరిచాను.

"రోడ్లు బాగుచేసేవాడివి, మమ్మల్ని బాగుచేయకు. కూర్చో!"

అందరూ నవ్వారు. అధ్యక్షుడు అలోయిస్ బల్ల కొట్టాడు.

"కారణం చెప్పాలి రూడీ, చట్టం. గుడ్డ సంగతి మాత్రం ఎత్తకు, కోర్టులో నిలవదు."

చూశారా! కన్నం ఎక్కడ వేయాలో కాపలావాడే చూపించాడు.

రూడి తల గోక్కున్నాడు. "ఆగస్టు ఒకటిన, మన జాతీయ దినం నాడు వేసే మంట దగ్గరికి రాదు. క్రిస్మస్ విందుకు రాదు. ఊరి పండగ ఒక్కదానికైనా వచ్చిందా?"

"ఆఁ, అది రాసుకోండి!" అన్నారు నలుగురు, ప్రాణం లేచొచ్చినట్టు.

వద్దన్న చేతులు నలభై ఆరు. సరేనన్నవి, నాదీ కలిపి, ముప్పై ఒకటి.

ఆమెను లోపలికి పిలిచి కారణం చదివారు.

"నిజమే, రాలేదు," అంది మిర్సాదా. "పండగపూట మీరంతా ఇళ్లలో ఉండాలంటే ఆశ్రమంలో ఎవరో ఒకరు ఉండాలిగా? నేనుంటానన్నాను. ఇరవై రెండు క్రిస్మస్‌లు. రూడిగారూ, మొన్నటి క్రిస్మస్‌కి మీ అమ్మ సాయంత్రం దాకా తలుపు వంకే చూసింది. మీరెక్కడున్నారు?"



"మళ్లీ ఓటు పెట్టండి!" అన్నాను.

"తీర్మానమైపోయింది," అన్నాడు అలోయిస్.

పక్కగదిలో ఊరి ఖర్చు మీద వైను, చీజు. జనం ఒక్కొక్కరే అటు జారుకున్నారు. ఒక్కడూ ఆమె మొహం చూడలేదు.

మిర్సాదా కదల్లేదు. "ఆ కారణం సంతకం పెట్టి ఇవ్వండి. కోర్టుకెళ్తాను."

"రేపు పంపిస్తాంలే తల్లీ."

"ఇప్పుడే. మీరు గ్లాసు పట్టుకోకముందే."

అలోయిస్ సంతకం పెట్టాడు. ఆమె కాగితం మడిచి నావైపు తిరిగింది.

"నా డ్యూటీ పట్టికలు తెచ్చుకుంటాను. మీరు సాక్ష్యానికి రావాలి. ఇక్కడ అరిచినట్టే అక్కడా అరవాలి."

"ఇంకా గట్టిగా," అన్నాను.