జెర సౌండ్ పెంచు

బాగవకపోతే బాగుండు, ఇక ఇది పనికిరాదు పారేయండి అంటే ఇంకా బాగుండు, అలా అనడులే, ఈ మెకానిక్ పర్వతాలు చచ్చిన మిక్సీలకు కూడా ప్రాణం పోసే రకం, అనుకుంటూనే కల్పలత, ఎంతసేపు పడుతుందన్నా అని పైకి నవ్వుతూ అడిగింది, చిలకలగూడలోని ఆ ఇరుకు దుకాణంలో పాత టీవీ బల్ల మీద బోర్లా పడి ఉంది, దాని వీపు మీది స్క్రూలను అతను ఒక్కొక్కటే విప్పి చాయ్ సాసర్లో వేస్తున్నాడు, బొమ్మ మంచిగనే వస్తుంది గదమ్మా, సౌండ్ ఒక్కటే గద, గదెంత పని, జెర కూసోండ్రి అన్నాడతను, పక్క స్టూలు మీద డోరా ఆంటీ అప్పటికే కూర్చుని కొంగుతో విసురుకుంటోంది, మెట్టుగూడలో తమ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ, ఆటోలో టీవీకి ఒక కొస పట్టుకుంటానని ఆమే బయల్దేరింది, వద్దంటే వినలేదు, ఒక్కదానివి ఎట్ల మోస్తవ్ బిడ్డా అంది, ఎంత మామూలుగా అందో, ఆ మాటకి ఆటోలో దారంతా కల్పలత కళ్ళు బయటికే తిప్పుకుని కూర్చుంది.

సాయంత్రానికి టీవీ మాట్లాడాలె, రిపేరో కొత్తదో నువ్వే డిసైడ్ చెయ్యి, అన్నాడు లక్ష్మణ్ పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ, మెత్తగా, ఆమె భర్త ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతాడు, రైల్వే ఆఫీసులో అందరికీ లక్ష్మణ్ సార్, బిల్డింగులో నీళ్ళ గొడవైనా పార్కింగ్ గొడవైనా ఆయన తీర్పు చెబితే చెప్పినట్టే, ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు, ఆయన పెంచడు, పెంచాల్సింది తను, జెర సౌండ్ పెంచు కల్పా అంటాడు, అంతే, చారులో ఉప్పెక్కువైనా, ఫోన్ ఎత్తడం ఆలస్యమైనా, ఆఫీసులో ఎవరో ఏదో అన్నా, సోఫాలోంచి లేవకుండా చేతి గడియారం విప్పి టీపాయ్ మీద పెడతాడు, జెర సౌండ్ పెంచు, అప్పుడు రిమోట్ అందుకుని తెర మీది వాల్యూమ్ గీతను ఆ చివరిదాకా జరపాల్సింది తనే, వార్తలవాడు గోడలదిరేలా అరుస్తాడు, వాడి అరుపుల కింద తన అరుపులు, మొదట్లో ఒకసారి రిమోట్ ముట్టనని మొండికేసింది, ఆ రోజు దెబ్బల కంటే తన గొంతు గోడ దాటిందేమోనన్న భయమే ఎక్కువ బాధపెట్టింది, బయటికి తెలిస్తే పరువు ఎవరిది పోతదే, ఆయనదా నీదా అంది అమ్మ ఫోన్లో, ఆ తర్వాత ఆయన అడక్కముందే చెయ్యి రిమోట్ మీదికి పోవడం అలవాటైంది, గడియారం విప్పితే చాలు.

దసరా వెళ్ళగానే ఒక సాయంత్రం అలాగే విప్పాడు, తను గీతను చివరిదాకా జరిపింది, తెర మీద వార్తలవాడు నోరు తెరిచి చేతులూపుతున్నాడు, చప్పుడు లేదు, గోడవతల డోరా ఆంటీ భర్త కాలేబు అంకుల్ దగ్గిన దగ్గు పక్కన కూర్చుని దగ్గినట్టు వినబడింది, లక్ష్మణ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, ఆగి, మెల్లగా దిగి, గడియారం పెట్టుకుంది, అంతే, అప్పటినుంచి ఆమె మీద చెయ్యి పడలేదు, మూగ టీవీ ముందు పళ్ళు నూరుకుంటూ కూర్చుంటాడు, మెకానిక్ ఊళ్ళో లేడట, దుకాణం బంద్ ఉందట, పార్టు దొరకలేదట అని తను రోజుల్ని అబద్ధాలతో నెట్టుకొచ్చింది, వీపు మీది నీలం మచ్చలు పసుప్పచ్చనై, ఆ పసుపూ పోయి, ఎన్నాళ్ళకో వెల్లకిలా పడుకోగలిగింది, లోకమంతా దేవుళ్ళకి మొక్కుకుంటే తను కాలిపోయిన స్పీకర్లకి మొక్కుకుంది, అది నిన్నటితో అయిపోయింది, లక్ష్మణ్ స్వయంగా పర్వతాలుకు ఫోన్ చేశాడు, నేనెక్కడికి పోయినన్నా, రోజూ తెరిచే ఉన్న అన్నాడట ఇతను, ఫోన్ పెట్టేసి లక్ష్మణ్ ఆమెను చూసి నవ్వాడు, ఆ నవ్వు ఇప్పటికీ మెడ వెనక చల్లగా తగులుతోంది.

పెట్టిన వాల్యూమ్ పెట్టినట్టే ఉంది చూడండ్రి, ఫుల్లు, అన్నాడు పర్వతాలు ప్లగ్గు పెట్టి, టీవీని లేపి తెర కింది గీతను చూసి, ఇంట్ల చెవుడోళ్ళున్నరా అమ్మా, లేకుంటే గల్లీ మొత్తానికి వార్తలు మీరే ఇనిపిస్తున్నరా, అతనే పకపకా నవ్వాడు, మా అత్తమ్మకి చెవుడన్నా అనేసింది కల్పలత, అనేశాక గుర్తొచ్చింది, అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది, ఆమె దినాలకి డోరా ఆంటీ వచ్చి భోంచేసి వెళ్ళింది, పక్కన కొంగు విసురుకోవడం ఆగింది, డోరా ఆంటీ రోడ్డు మీద పోయే ఆటోల్ని చూస్తోంది, ఎందుకు అడగదు, ఎవరికే చెవుడు అని ఎందుకు అడగదు, అట్లయితే గీ డొక్కుది ఎందుకమ్మా అంటున్నాడు పర్వతాలు, ఏ.ఎస్. రావు నగర్ల మా బామ్మర్ది షోరూం ఉంది, ఇది ఆడ ఇచ్చేసి కొత్తది తీసుకపోండ్రి, కింద పెట్టే సౌండ్ డబ్బా సుత ఇస్తడు, ఇల్లు అదిరిపోతది, ముసలామె చెవుల తుప్పు వదలాలె, సరే, చూసుకో కల్పలతా, అనుకుంది తను, నువ్వే డిసైడ్ చెయ్యి, రిపేరైతే ఈ సాయంత్రం పాత సౌండ్, కొత్తదైతే ఇల్లదిరే సౌండ్, ఏది కావాలి.

అరె, అన్నాడు పర్వతాలు, వెనక డొప్ప లేపి లోపల టార్చి కొడుతూ, గిదేందమ్మా, స్పీకర్లు మంచిగున్నయ్, కాలలే, వైర్లు కోసేసిన్రు, రెండు దిక్కుల, నున్నగ, కత్తెరతోని, గీడ ఒక స్క్రూ సుత లేదు, ఎవరో విప్పి మళ్ళ బిగించిన్రు, కల్పలత వంగి చూసింది, ఎర్ర తీగా నల్ల తీగా పక్కపక్కన తెగి వేలాడుతున్నాయి, స్క్రూ, నల్ల స్క్రూ, ఎక్కడ చూసింది, కూతురు ఊర్మిళ జామెట్రీ బాక్సులో, ఫ్యాన్‌దేమో అనుకుని మళ్ళీ అందులోనే పడేసింది, వంటింటి కత్తెర ఏదే అంటే స్కూల్ చార్టుకి తీసుకున్న మమ్మీ అంది టెన్త్ చదువుతున్న కూతురు, తలెత్తకుండా, సౌండ్ పెరగగానే తన గది తలుపు వేసుకుని చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే పిల్ల, దానికేం తెలియదు, పాటలు వింటోంది, అని ఇన్నేళ్ళూ తనకు తాను జోకొట్టుకుంది, ఆ పిల్ల ఎన్ని రోజులు చూసిందో, ఆ ఒక్క స్క్రూ మిగిలిపోతే ఎంత భయపడి దాచిందో, ఆగుండ్రి, లక్ష్మణన్నకు చెప్త, ఎవడో ఇంట్లకొచ్చి ఖరాబ్ చేసిండు, అంటూ పర్వతాలు జేబులోంచి ఫోన్ తీశాడు, బొటనవేలు పేర్ల మీద జారుతోంది, లక్ష్మణ్ వింటాడు, ఎవడో ఎందుకొస్తాడు, ఇంట్లో ఉన్నది ముగ్గురం, ఆయనకు అర్థమవడానికి క్షణం పట్టదు, మెత్తగా థాంక్స్ చెబుతాడు, సాయంత్రం గడియారం విప్పుతాడు, విప్పి ఈసారి పిల్ల గది వైపు, నేనే కోసినన్నా, అంది కల్పలత.

బొటనవేలు ఆగింది, మీరా, ఎందుకమ్మా, అన్నాడతను, ఆ సౌండ్ భరించలేక, అంది, ఇంకేమీ తోచలేదు, అది అబద్ధం కూడా కాదు, ఫోన్ జేబుల పెట్టు పర్వతాలు, ఆడోళ్ళ ఇంటి పంచాదిల నువ్వెందుకు, అంది డోరా ఆంటీ, గొంతు కటువుగా ఉంది, పెట్టుకున్నాడు, తర్వాత ఆమె కల్పలత మొహం చూడకుండా, ఒళ్ళో చేతులు చూసుకుంటూ, నెమ్మదిగా మాట్లాడింది, మీ టీవీ మూగబోయినంక నాకు సుత నిద్ర పడుతుంది బిడ్డా, మీది అరిచిందంటే మాకు తెలుస్తది, మా ఆయన లేసి మా టీవీ సౌండ్ సుత పెంచుతడు, పైనింటోళ్ళు గ్రైండర్ ఏస్తరు, ఏం చేస్తమమ్మా, మందింటి సంసారం, పక్కోళ్ళు ఎట్ల దూరాలె, లక్ష్మణ్ సార్ అంటే బిల్డింగుల అందరికీ మర్యాద, మరి నువ్వు సుత ఏమనకపోతివి.

తెలుసు, అందరికీ తెలుసు, గోడకి ఇవతల తను గీతను జరుపుతుంటే గోడకి అవతల కాలేబు అంకుల్ గీతను జరుపుతున్నాడు, పైన గ్రైండర్ తిరుగుతోంది, లోపలి గదిలో పిల్ల ఇయర్‌ఫోన్స్, ఎన్ని చేతులు, ఎన్ని రిమోట్లు, పరువు దాస్తున్నాననుకుంది, ఏం దాచింది, దండోరా వేసింది, లక్ష్మణ్ గడియారం విప్పాడహో అని ప్రతిసారీ ఇంటింటికీ తనే తన చేత్తో కబురు పంపింది, అందరూ విన్నారు, విని తలుపులు వేసుకున్నారు, ఆ సౌండ్ ఆమె అరుపుల్ని ఆపలేదు, వినలేదని చెప్పుకోవడానికి మనుషులకి ఒక సాకు ఇచ్చింది, అంతే అది చేసిన పని, ఆ సాకును మొత్తం బిల్డింగులో ఒక్క పిల్ల, వంటింటి కత్తెరతో, ఏం జెయ్యాలె మరి, చెప్పండ్రి, వైరు అతికిస్తే చాయ్ తాగేలోపల మాట్లాడతది, లేకుంటే బామ్మర్దికి ఫోన్ చెయ్యనా, అంటున్నాడు పర్వతాలు.

వద్దన్నా, డొప్ప మూసెయ్, అంది కల్పలత, కొత్తదా మరి, అదీ వద్దు, అతను విచిత్రంగా చూసి సాసర్లోని స్క్రూలు తీసి ఒక్కొక్కటే బిగించాడు, ఒక రంధ్రం ఖాళీగా మిగిలింది, అది అలాగే ఉండనీ, ఆంటీ, ఊర్మిళ స్కూలు నుంచి నేరుగా మీ ఇంటికే వస్తుంది, ఇవాళ మీ దగ్గరే ఉంచుకో, మీ టీవీ మాత్రం పెట్టకు, అంది, డోరా ఆంటీ కొంగు నడుముకి దోపి, టీవీకి ఒక కొస పట్టుకుంది, రెండో కొస కల్పలత పట్టుకుంది, సాయంత్రం ఆయన వస్తాడు, ఏం చేశావని మెత్తగా అడుగుతాడు, గడియారం విప్పుతాడు, ఈసారి చెయ్యి గాల్లో ఆగకపోవచ్చు, నిన్నటి నవ్వు అలాంటిది, అయినా వీధి తలుపు బార్లా తీసే ఉంటుంది, రిమోట్ ఆమె చేతిలో ఉండదు, అరుపు వస్తే అది ఒట్టి అరుపే, మీద ఏ వార్తలూ కప్పని అరుపు, ఎవరైనా పరిగెత్తుకొస్తారా, రాకపోవచ్చు, ఆ ఆశ ఆమెకు పెద్దగా లేదు, కానీ ఇవాళ్టి నుంచి ఆ బిల్డింగులో ఒక్కరు కూడా, మాకు వినబడలేదు అని అనలేరు.