పొద్దుటి నీళ్ళు

“మా ఆవిడ నీళ్ళ శాఖలో పని చేస్తుందండీ” అంటారు మా ఆయన, ఎవరు అడిగినా. అబద్ధమేం కాదు. నీళ్ళే. కాకపోతే ఊరంతా వాడి పారబోసిన నీళ్ళు. మురుగు అనే మాట ఆయన నోట పలకదు. ఒకసారి ఆయన స్నేహితుడి ఇంట్లో భోజనాల దగ్గర నేనే నోరు జారి, “మురుగునీటి శుద్ధికి ప్లాన్లు వేస్తానండీ” అన్నాను. ఇంటికి వచ్చాక చొక్కా విప్పుతూ “అన్నం దగ్గర ఆ మాటలేమిటి, బుద్ధుందా?” అన్నారు. తిన్న అన్నం, కడిగిన కంచం, తుడిచిన మూతి, అన్నీ చివరికి ఎక్కడికి పోతాయనుకుంటారో ఈ మహానుభావులు! మా అత్తగారిది ఇంకో తీరు. నేను ఆఫీసు నుంచి వచ్చి గుమ్మం ఎక్కుతుండగానే “ముందు స్నానం చేసి రా అమ్మాయ్, తర్వాత పొయ్యి ముట్టుకుందువు గాని” అంటుంది. నేను రోజంతా కూర్చునేది కంప్యూటరు ముందని చెప్పి చెప్పి నా నాలుక అరిగిపోయింది. స్నానం చేయకుండా వంట చేయకూడదు, అలాగని వంట చేయకుండానూ ఉండకూడదు. ఇప్పుడు ఆవిడ అనేలోపే నేనే బాత్రూం వైపు నడిచిపోతున్నాను.

నా పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నా గోల అర్థం కాదు. ఊరి మురుగంతా ఒక పెద్ద పైపులో పల్లానికి పారి మా ప్లాంటు చేరుతుంది. అక్కడి తొట్లలో కంటికి ఆనని సూక్ష్మజీవులు ఆ మురుగును తిని నీటిని శుభ్రం చేస్తాయి. వాటికి వేళకింత తిండి, ఇంత గాలి చాలు. కానీ ఒక్కసారిగా మీద కుమ్మరిస్తే తట్టుకోలేవు, కొట్టుకుపోతాయి. మనుషులేమో ఒక్కసారిగానే కుమ్మరిస్తారు. పైపులో పారే నీటిని రోజంతా కొలిచి గీత గీస్తే, రాత్రంతా నేలబారుగా పడుకున్న గీత తెల్లవారేసరికి నిట్టనిలువుగా లేస్తుంది. మా పెద్దసారుకి ఆ గీతలో లీటర్లు కనపడతాయి. నాకు మాత్రం సింకుల ముందు నిలబడ్డ వీపులు కనపడతాయి. బియ్యం కడుగు, రాత్రి అంట్ల గిన్నెలు, పిల్లల స్నానాలు, బకెట్లో నానేసిన బట్టలు, పాలగిన్నె, మళ్ళీ టిఫిను గిన్నెలు. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒకే గంటలో పది చేతులతో చేసే పని అంతా ఆ గీత. మా ఇంటి నీళ్ళు ఇంకా ఆ పైపులో కలవకపోయినా, పొద్దున్నే నేను చేసేదీ అదే పని. అందుకే ఆ గీతంటే నాకు పక్షపాతం.

మా కాలనీ మిట్ట మీద ఉంది. ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరింటి సెప్టిక్ ట్యాంకు వాళ్ళదే. మా కాలనీతో బాటు పక్క కాలనీలను కూడా ఊరి పైపుకి కలపాలని పోయినేడు తీర్మానమైంది. ఆ ప్లాను నా చేతికి వచ్చింది. ఆ పైపు మా కాలనీ నుంచి దిగి పల్లంలో ఉన్న కింది వీధి గుండా ప్లాంటుకి పోతుంది. ఆ వీధిలోనే మా అక్క ఉంటుంది. ఇప్పటికే పెద్ద వాన కురిస్తే ఆ వీధి బాత్రూముల్లోంచి మురుగు పైకి తన్నుకొస్తుంది. ఇక మా మిట్ట మీది పొద్దుటి నీళ్ళన్నీ దానికి తోడైతే, వాన అక్కర్లేదు, రోజూ పొద్దున్నే వస్తుంది. అందుకని మా కాలనీ పక్కనున్న ఖాళీ స్థలంలో, భూమి లోపల ఒక నిలవ ట్యాంకు గీశాను. పొద్దుటి నీళ్ళు అందులో ఆగి, రోజంతా కొంచెం కొంచెంగా కిందికి దిగుతాయి. పైన మట్టి కప్పి పార్కు వేసుకోవచ్చు. పెద్దసారు కూడా చూసి “బాగుందమ్మా” అన్నారు. ఆ రోజు ఇంటికి వస్తూ అక్కకి ఫోను చేసి, “ఇక నీకా బాధ తప్పుతుందే” అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

మా ఆయన కాలనీ సంఘానికి సెక్రటరీ. ట్యాంకు సంగతి ఎలా పొక్కిందో గాని, ఆదివారం పొద్దున సంఘం మీటింగు మా ఇంట్లోనే పెట్టారు. ముందు గది నిండా మగవాళ్ళు. నేను వంటింట్లో టీ కాస్తున్నాను. రిటైరైన హెడ్మాస్టరుగారి గొంతు గోడలు దాటి వినపడుతోంది. “మన ముక్కు కింద మురుగు గుంట తవ్వుతారటండీ! ఏ బుద్ధిలేని వాడు గీశాడో గాని!” ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆ బుద్ధిలేని వాడు నేనే. మా ఆయనకి తెలుసు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

“గుంట కాదండీ, మూసేసిన ట్యాంకు. భూమి లోపల ఉంటుంది, వాసన రాదు” అన్నాను కప్పులు అందిస్తూ.

“నువ్వు శ్రమపడకమ్మా” అన్నారు హెడ్మాస్టరుగారు ఎంతో దయగా. “చక్కెర కాస్త తక్కువైనట్టుంది, చూడు.”

ఎవరో మా ఆయన్ని అడిగారు, “మీ ఆవిడ అక్కడే కదా చేసేది, లోపల్లోపల ఆపించలేదా?” అని. ఆయన నవ్వారు. “తనకేం తెలుస్తుందండీ, పై వాళ్ళు చెప్పింది గీయడమే తన పని” అన్నారు. నేను చక్కెర డబ్బా తెచ్చాను. నా చదువు, నేను ఏడాది పాటు వేసిన లెక్కలు, అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి, చెంచాతో చక్కెర వేస్తూ. ఒళ్ళు మండిపోయింది.

అందరూ వెళ్ళాక కప్పులు ఏరుతూ అడిగాను, “తనకేం తెలుస్తుందని అన్నారే, గీసింది నేనేనని మీకు తెలీదూ?” అని.

“మరేం చెప్పమంటావు? మా ఆవిడే మీ నెత్తిన మురుగు తెచ్చి పెడుతోందనా? సెక్రటరీగా ఉండి తలెక్కడ పెట్టుకోను?”

“ట్యాంకు లేకపోతే రోజూ పొద్దున అక్క ఇంట్లోకి వస్తుందండీ.”

“మీ అక్క వాళ్ళకి కొత్తా ఏమిటి? ఆ వీధి వాళ్ళకి అలవాటే.”

మా అత్తగారు సోఫాలోంచి అందుకుంది. “ఎవరింటి కంపు వాళ్ళు భరించాలమ్మా. పక్కవాళ్ళది మనమెందుకు నెత్తికెత్తుకోవాలి?”

“ఆ కంపు మనదే అత్తయ్యా” అన్నాను. “మనం పొద్దున్నే పోసిందే కిందికి పోయి వాళ్ళ ఇంట్లో లేస్తుంది.”

“ఛీ ఛీ, పొద్దున్నే ఏం మాటలు!” అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మా ఆయన టీవీ పెట్టారు. కప్పులు కడిగాను.

తర్వాత ఎవరు ఎవరికి ఫోన్లు చేశారో నాకు తెలియదు. పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. మామూలుగా నిలబెట్టే మాట్లాడతారు, కుర్చీ చూపించారంటేనే ఏదో ఉందన్నమాట. “ట్యాంకు తీసేద్దామమ్మా. స్థలం గొడవలు. ముందు ప్లాను పాసవనీ, ట్యాంకు సంగతి తర్వాత చూద్దాం” అన్నారు.

“మరి పొద్దుటి నీళ్ళ లెక్క, సార్?”

“సగటు తీసుకో. రోజు మొత్తం నీళ్ళని గంటలతో భాగిస్తే పైపు హాయిగా సరిపోతుంది.”

“సార్, ఒకరు రెండు పూటలా తిని పక్కవాళ్ళు పస్తుంటే, సగటున ఇద్దరూ ఒక పూట తిన్నట్టే.”

ఆయన నవ్వారు, మంచి జోకు విన్నట్టు. “నీకు నోరెక్కువమ్మా” అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. “కింది వీధిలో జనానికి ప్లాను వివరించే సభ పెట్టాలి, రూలు. నువ్వే వెళ్ళు. ఆడవాళ్ళకి ఆడవాళ్ళు చెబితే వింటారు. మీ అక్కావాళ్ళు కూడా అక్కడేనటగా. అడిగితే ఏ ఇబ్బందీ రాదని చెప్పు, చాలు.”

వెళ్ళనని అనొచ్చు. అంటే ఇంకొకరు వెళ్ళి నవ్వుతూ చెప్పి వస్తారు. ఉద్యోగం మానేస్తానన్న మాట ఒకసారి ఇంట్లో ఎత్తితే మా ఆయన పేపరు దించకుండానే “మానెయ్, ఇంట్లో పనికేం తక్కువా?” అన్నారు. నేను మానేసినా ప్లాను ఆగదు. నేను ఉన్నా ఆగలేదు. బస్సులో కూర్చుని ఎన్ని రకాలుగా ఆలోచించినా అక్కడికే వచ్చాను. చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టుంది నా పని.

సభ బడి హాల్లో. మధ్యాహ్నం వేళ కాబట్టి అందరూ ఆడవాళ్ళే, మగవాళ్ళు పనుల్లో ఉన్నారు. పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. ముందు వరసలో మా అక్క, ఇస్త్రీ చీర కట్టుకుని. “మా చెల్లెలే, ఈ ప్లానంతా దాని చేతి మీదే నడుస్తోంది” అని పక్కావిడకి చెబుతోంది. తెర మీద బొమ్మలు చూపించాను. పైపు నీలం రంగులో, ప్లాంటు ఆకుపచ్చలో. అందంగానే ఉంది. అయ్యాక చంటిపిల్లను భుజాన వేసుకున్న ఒకావిడ లేచింది.

“అమ్మా, ఆ రంగులవీ నాకు తెలీవు గాని, ఒక్క మాట చెప్పు. పై కాలనీలు కలిపాక మా ఇళ్ళలోకి రాదు కదా?”

రాదు అనాలి. రెండక్షరాలు. అక్క నన్ను చూసి ధైర్యం చెబుతున్నట్టు తలూపింది, నేను చెప్పేదేమిటో తనకి ముందే తెలుసన్నట్టు.

“వస్తుంది” అన్నాను.

అక్క మొహం చూడలేకపోయాను. “నేను ఒక ట్యాంకు గీశాను. మా కాలనీ వాళ్ళు వద్దన్నారు, మా ఆఫీసు తీసేసింది. ఇక రోజూ వస్తుంది, పొద్దున్నే” అన్నాను. కేకలేస్తారని, నా మీదికి వస్తారని ఎదురుచూశాను. వస్తే బాగుండుననిపించింది.

“ఏ వేళకి వస్తుందమ్మా?” అంది చంటిపిల్ల తల్లి.

“స్నానాలు, అంట్లు అయ్యే వేళకి.”

“అయితే మనం దానికంటే ముందే లేచి పనులు కానిచ్చేద్దాం” అంది ఇంకొకావిడ. “బాత్రూం జాలీల మీద ఇసుక మూటలు పెడదాం, వానల్లో పెడతాం చూడు, అలాగ.” “పిల్లల్ని మా అత్త ఇంట్లో తయారుచేస్తాను, వాళ్ళ గుమ్మం ఎత్తుగా ఉంటుంది.” “మురికి పట్టే వస్తువులు కింద పెట్టకపోతే సరి.” క్షణంలో హాలంతా మాటలు. ఎవరూ నన్ను తిట్టడం లేదు. నా ఏడాది లెక్కల్లో దొరకని దారి వాళ్ళు పది నిమిషాల్లో వెతికేసుకుంటున్నారు, తమ నిద్రలోంచి, తమ నడుముల్లోంచి. నాకు ఏడుపొచ్చింది.

“సర్దుకోకండి!” అని అరిచాను. నా గొంతేనా అనిపించింది. “మూటలు పెట్టకండి. వచ్చింది వచ్చినట్టే వదిలెయ్యండి, కడగొద్దు. మా ఆఫీసు వాళ్ళు వచ్చి కళ్ళారా చూసేదాకా, వాళ్ళు ఆ వాసనలో నిలబడేదాకా ఎవరూ చీపురు పట్టొద్దు. అప్పుడు గాని ట్యాంకు రాదు.”

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క లేచి నా దగ్గరికి వచ్చింది. కోపం లేదు దాని మొహంలో, చిన్నప్పుడు నేను తెలివితక్కువ మాట అంటే చూసే చూపు ఉంది.

“ఇంట్లోకి వచ్చిందాన్ని కడక్కుండా ఎలా కూర్చుంటామే? పిల్లలు తిరగాలి, వంట కావాలి. నువ్వు కూర్చోగలవా?” అంది.

కూర్చోలేను. ఆ సంగతి అక్కకి తెలుసు, హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎంత వచ్చినా మేం కడుగుతామని మా ఆఫీసుకి కూడా తెలుసు. ట్యాంకు లేని ఆ ప్లాను పాసయ్యేది ఆ ధీమా మీదే.