మిషన్ కాపలా

సాహిత్య సభకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ నాకు జ్వరం వచ్చినట్టే ఉంటుంది. కొత్త పెన్ను కొంటాను. రెండ్రోజులు వంటింట్లో గిన్నెలకి కూడా కథ చెప్పేంత ఊపులో ఉంటాను. ఆ తర్వాత పొంగు చల్లారిపోతుంది. ఈసారి సభలో ఒక పెద్దావిడ మైకు ముందు నిలబడి, ఇక్కడి వేడి బస్సెక్కేదాకా కూడా నిలవదు, రోజూ ఒకేచోట కూర్చోండి, మాట వచ్చినా రాకపోయినా కూర్చోండి అంది. నా మొహం చూసే చెప్పినట్టనిపించింది. ఈసారి కూడా మానేస్తే ఇక ఈ జన్మలో రాయనని తెలిసిపోయింది. భయం వేసింది.

కానీ కూర్చోవడానికి చోటేదీ? మాది రెండు గదుల ఇల్లు. పగలంతా రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర ఉంటాను. ఇంట్లో ఉంటే మా అత్తయ్యకి కళ్ళజోడు కనపడదు, పాపకి లెక్క రాదు, మా ఆయనకి తువ్వాలు దొరకదు. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంటుంది. నేను కాగితం పట్టుకుని కూర్చున్నానంటే ఖాళీగా ఉన్నానని అర్థం.

దారి చూపించింది మా వాషింగ్ మిషనే. అది ముసలిది. బట్టలు పిండే వేళకి పూనకం వచ్చినట్టు ఊగుతూ గోడ దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చేస్తుంది. ఒకసారి కుళాయి పైపు పీక్కొచ్చి ఇల్లంతా నీళ్ళయ్యాయి. అప్పట్నుంచీ అది తిరుగుతున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కన ఉండి పట్టుకోవాలని ఇంట్లో నిర్ణయమైంది. ఆ ఎవరో ఒకరు ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

సభ మర్నాటి నుంచి పొద్దున్నే మిషన్ వేసి, వెనకవైపు ఇరుకు గదిలో పీట వేసుకుని, మోకాలితో దాన్ని అదిమిపెట్టి, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. ఎవరు పిలిచినా మిషన్ దగ్గర ఉన్నానంటే చాలు, ఇంకో పిలుపు ఉండేది కాదు. కొన్నాళ్ళకి బట్టలు చాలక ఉతికినవే మళ్ళీ ఉతికాను. పాప యూనిఫాం వెలిసిపోయింది. సబ్బుపొడి నాసిరకమని అత్తయ్య షాపువాణ్ణి తిట్టిపోసింది. నేను కిక్కురుమనలేదు. ల్యాబుకొచ్చే ఒక ముసలాయన మీద కథ రాస్తున్నాను, అది సగం దాటింది. నా బతుకులో ఏ కథా సగం దాటలేదు.

అప్పుడు మా ఆయనకి నా మీద జాలి కలిగింది.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నేను ల్యాబు నుంచి వచ్చేసరికి మిషన్ కింద రబ్బరు దిమ్మలు పెట్టి, కాళ్ళు సమానంగా బిగించి ఉంచాడు. దాని మీద నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టి తిప్పి చూపించాడు. చుక్క తొణకలేదు. ఇక నువ్వు దీని పక్కన పడిగాపులు పడక్కర్లేదని చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. నేనూ నవ్వాను. నవ్వడానికి తలప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు పీట వేసుకోగానే అత్తయ్య పిలిచింది. మిషన్ దగ్గర ఉన్నానంటే, అది బాగైపోయిందిగా అంది. ఆవిడ తప్పేం లేదు. ఆ వారమంతా ఒక్క వాక్యం రాయలేదు. ల్యాబులో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఒకరి సీసా మీద ఇంకొకరి పేరు అంటించబోయి చివరి క్షణంలో ఆగాను. కథలో ముసలాయన రిపోర్టు కోసం బెంచీ మీద ఎదురుచూస్తూ అలాగే ఉండిపోయాడు. అక్కడే చచ్చిపోతాడనిపించింది, ఆయనతో పాటు నేనూ.

ఆదివారం పొద్దున మా ఆయన పాలకి వెళ్ళినప్పుడు ఆయన పెట్టెలోంచి పానా తీసి మిషన్ కాలొకటి వదులు చేశాను. నా ఇంట్లో నేనే దొంగనైనట్టు గుమ్మం వైపు చూసుకుంటూ పానా మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. బట్టలు వేసి తిప్పాను. అది ఊగడం మొదలవగానే ప్రాణం లేచొచ్చింది. రెండు వాక్యాలు రాశానో లేదో, కళ్ళు తిరుగుతున్నాయని అత్తయ్య కేకేసింది. కాగితాలు పీట మీద పడేసి పరుగెత్తాను. ఆవిణ్ణి మంచం మీద పడుకోబెట్టి నీళ్ళు తాగిస్తుంటే వెనకగదిలో పెద్ద చప్పుడైంది. వెళ్ళి చూస్తే మిషన్ గది మధ్యలో ఉంది, పైపు ఊడిపోయింది, పీట తిరగబడింది, నా కథ సబ్బునీళ్ళలో తేలుతోంది.

అప్పుడే వచ్చిన మా ఆయన కుళాయి కట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని మిషన్ కింద తడిమాడు. తను బిగించిన కాలి మర సంగతి ఆయనకి తెలియదా.

"దీన్నెవరు వదులు చేశారు?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. చేతకాలేదు. "నేనే."

"ఎందుకు?"

"అది కదిలితేనే నేను ఒకచోట కూర్చోగలను."

ఆ మాటతో ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన కాగితాలు ఒక్కొక్కటే ఏరి దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశాడు. సిరా అంతా కలిసిపోయింది, ముసలాయన ఎక్కడా లేడు. తర్వాత పానా తీసుకుని మర మళ్ళీ బిగించేశాడు. అది చూశాక నాకు మిగిలిన కాస్త ఆశ కూడా పోయింది.

మర్నాడు పొద్దున్న కాళ్ళే నన్ను ఆ గదికి తీసుకెళ్ళాయి. మిషన్ వెయ్యలేదు. ఊరికే పీట మీద కూర్చున్నాను. అత్తయ్య పిలిచింది. నేను లేవబోతుంటే ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"మిషన్ దగ్గర ఉందమ్మా."

"బాగుచేశావు కదరా?"

"లేదు, ఇంకా కదులుతోంది."

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మిషన్ తిరగడం లేదని అత్తయ్యకి తెలియకుండా ఉండదు. అయినా మళ్ళీ పిలవలేదు. కళ్ళజోడు తనే వెతుక్కుంటున్నట్టుంది, అలమరలో చప్పుడవుతోంది.

ఇక నాకు చెప్పుకోవడానికి ఏ సాకూ మిగల్లేదు. అది అన్నిటికంటే భయంగా ఉంది. ఒళ్ళో తెల్లకాగితం ఉంది, ఒక్క మాటా గుర్తు రావడం లేదు. వచ్చినా రాకపోయినా కూర్చోమంది ఆ పెద్దావిడ. కదలని మిషన్‌ని మోకాలితో గట్టిగా అదిమిపెట్టి కూర్చున్నాను.