కల్పన విడిచిన చీరలు

ఇత్తడి బిందె బోర్లించి చింతపండుతో తోముతుంటే ఆ పేరు మళ్లీ వేళ్లకు తగిలింది. కల్పన. చుక్కలు చుక్కలుగా చెక్కిన మూడక్షరాలు. చెంబుల మీద, పళ్లాల మీద, చివరికి పోపు డబ్బా మూత మీద కూడా అదే పేరు. నా మొగుడు రాజేంద్రకు మొదటి భార్య ఆమె. వాళ్ల కూతురు మౌనికకు మూడేళ్లప్పుడు కామెర్లతో పోయింది. మరుసటి ఏడు నేను వచ్చాను. నా పెళ్లికి మా నాయన సామాన్లు పెడతానంటే అత్తమ్మ సుశీలమ్మ వద్దంది. "రెండో పెండ్లికి సామాన్లెందుకప్పా, ఇంట్లో అన్నీ ఉండాయి కదా" అంది. మావాళ్లు ఆ మాటకే సంబరపడిపోయారు. అప్పటి నుంచి రోజూ ఆమె పేరు తళతళలాడేలా తోమి పెడుతున్నాను. హేమలత అన్న పేరు ఈ ఇంట్లో ఒక గరిటె మీద కూడా లేదు.

నాకు ఆమె అంటే కుళ్లు. దాచుకోవడమెందుకు? బతికున్న సవతైతే ఎప్పుడో ఒకప్పుడు కూరలో ఉప్పెక్కువ వేస్తుంది, లావవుతుంది, ఎదురు మాట్లాడుతుంది. పోయిన మనిషి ఇవేవీ చేయదు కదా. నేను బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసిన ప్రతిసారీ అత్తమ్మ ఒక ముద్ద తిని, "కల్పన చేస్తాండె చూడు, అది ఉగ్గాని" అంటుంది. ఇక చీరల సంగతి సరేసరి. నాకు ఏ కొత్త చీర కొన్నా ముందు ఆమె పటం దగ్గర పెట్టి దండం పెట్టుకోవాలి. ఆమె కట్టుకున్నట్టు లెక్క. ఆ తర్వాతే నేను కట్టుకోవాలి. అంటే ఇన్నేళ్లుగా నా ఒంటి మీదికి వచ్చిన ప్రతి కొత్త చీరా ఆమె విడిచిందే.

ఆ రోజు రాజేంద్ర దోసె తింటూ అన్నాడు. "ఏమ్మే, నాయనకు ఎనభై ఏండ్ల పండగ చేస్తాండాం కదా. ఆ పొద్దు మన వంశవృక్షం పెద్ద ఫ్లెక్సీ వేయించల్ల. అనంతపురంలో ఒకాయన అన్నీ కనుక్కొని చేసిస్తాడంట గానీ దుడ్లు శానా అడుగుతాండాడు. నువ్వు ఇంట్లో ఊరికే ఉండేదే కదా. ఆడోళ్లకు బస్సు కూడా ఫ్రీ. నువ్వే పోయి కనుక్కొని రా."

ఊరికే ఉండే నేను ఒక పొయ్యి మీద దోసె తిప్పి, ఇంకో పొయ్యి మీద పాలు దించాను. మా అంగడికి పోయే కందిపప్పు ప్యాకెట్లు రాత్రే తూకం వేసి సీలు కొట్టి పెట్టాను. అయినా సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ఒంటరిగా బస్సెక్కి పోవచ్చని ఆశ పుట్టింది.

ఆధార్ కార్డు చూపించి ఉరవకొండ నుంచి మడకశిర దాకా పోయాను. అక్కడ మా మామ రామలింగయ్యకు పెదనాన్న కూతురు రామాంజినమ్మ ఉంటుంది. సగం కన్నడం కలిపి ఆమె మగవాళ్ల పేర్లు తాత ముత్తాతల వరకూ గడగడా చెప్పేసింది. మరి వాళ్ల భార్యల పేర్లు చెప్పమంటే నవ్వింది. "గుత్తి ఆమె, తాడిపత్రి ఆమె అని ఊరి పేరు పెట్టి పిలుస్తాంటిరి. ఆడోళ్ల పేర్లు ఎవరు పట్టించుకునిరి తల్లీ? నీకు అవే కావల్లంటే మీ అటక మీద సామాన్లు దించి చూడు. మెట్టినింటికి వస్తా ఎవరి పేరు వాళ్లు చెక్కించుకొని వచ్చింటారు."

ఇంటికి వచ్చి అటకెక్కాను. మసి పట్టిన గిన్నెలు ఒక్కొక్కటే దించి తోముతుంటే పేర్లు బయటపడ్డాయి. లక్షుమ్మ, సుబ్బమ్మ, నాగరత్నమ్మ. ఏ గిన్నె ఎవరిదో అత్తమ్మను అడిగి రాసుకున్నాను. చార్టు పేపరు మీద చెట్టు గీసి రాజేంద్రకు చూపించాను. కింది కొమ్మ మీద రాజేంద్ర, కల్పన, వాళ్ల కింద మౌనిక. పక్కన ఖాళీ వదిలిపెట్టాను, ఆయనే చెబుతాడేమోనని.

"బాగుండాది" అన్నాడు.

"నా పేరు?"

"నీకు పిల్లల్లేరు కదా. నీ కాడ నుంచి గీత యాడికి గీస్తాం? చూసేవాళ్లకు అర్థం కాదు." కోపంగా కూడా అనలేదు. మౌనిక కొంచెం పెద్దదవనీ అని పిల్లల మాట ఏటికేడు వాయిదా వేసింది ఆయనే. ఇప్పుడు చెట్టు మీద కూడా కల్పనే గెలిచింది. ఆమె ఫోటో చూస్తే ఒళ్లు మండిపోయింది.

ఆ కోపంలోనే మిగిలిన ఒక్క గంగాళాన్నీ తోమాను. అంచు మీద అచ్చమ్మ అని ఉంది. అచ్చమ్మ ఎవరో అత్తమ్మకు తెలియదు. వరండాలో కూర్చున్న మామ మాత్రం గంగాళాన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"ఇది మా చిన్నమ్మది. మా అమ్మ పోయినాక మా నాయన చేసుకున్న ఆమె. మీ అత్త రాకముందే పోయింది. పుట్టింటి నుంచి ఇదొక్కటే తెచ్చుకునింది. నన్ను దీంట్లోనే కూర్చోబెట్టి నీళ్లు పోస్తాండె. ఆమెకు పిల్లల్లేరు. నేనే ఆమెకు బిడ్డ."

"ఆమె పేరేంది మామా?"

చేతిలో ఉన్న పేపరు పక్కన పెట్టాడు. "చిన్నమ్మా అని పిలుస్తాంటిమి. పేరు... ఏమోనమ్మా."

"అచ్చమ్మ అని ఉండాది మామా."

"అవునా?" అన్నాడు. మళ్లీ పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

చేతులకు మసి అలాగే ఉంది. నాకు అచ్చమ్మ మీద కూడా అసూయ పుట్టింది. ఆమెకు కనీసం ఒక గంగాళమైనా ఉంది. ఇంతలో లోపలి నుంచి మౌనిక అరిచింది. "చిన్నమ్మా, నా టిఫిన్ బాక్స్ యాడ పెట్టినావు?"

ఎనభై ఏళ్లు వచ్చాక మౌనికను నా పేరేందని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది?

ఆ మధ్యాహ్నమే చార్టు తీసి మామ వాళ్ల నాయన పక్కన అచ్చమ్మ అని రాశాను. రాజేంద్ర పక్కన హేమలత అని రాశాను. నా నుంచి మౌనిక దాకా ఒక గీత కూడా గీశాను, స్కేలు పెట్టి, కల్పన గీత కన్నా కొంచెం లావుగా. కుళ్లు కుళ్లే కదా. ఎవరికీ చూపించకుండా నేనే ఫ్లెక్సీ అంగట్లో ఇచ్చి వచ్చాను.

పండగ రోజు పొద్దున ఫ్లెక్సీ చుట్ట ముందు గదిలో నిలబడి ఉంది. ఇంకాసేపటికి కల్యాణ మండపంలో విప్పుతారు. రాజేంద్ర ఏమంటాడో తెలియదు. అయినా మార్చాలని అనిపించలేదు. నా కోసం కొన్న ధర్మవరం పట్టు చీర మడతలు విప్పి, అద్దం ముందు నిలబడి కుచ్చిళ్లు పెట్టుకుంటున్నాను. కొత్త చీర బిరుసుగా ఉంది. మొదటిసారి కట్టే చీర ఇలా ఉంటుందన్నమాట.

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. నన్ను చూసింది, కల్పన పటం వైపు చూసింది.

"చీర కల్పన ముందర పెట్టినావా?"

కుచ్చిళ్లు దోపుకొని పమిట సర్దుకున్నాను.

"పెడతాలే అత్తమ్మా. సాయంత్రం నేను విడిచినాక."